పది ఫోన్లు దాటేసిన రోజు

కళింగపట్నంలో ఝాన్సీ ఉద్యోగం ఏమిటని అడిగితే ‘గాలి కబురు సెప్పే గుంట’ అంటారు; గుంట అంటే అక్కడ ఆడపిల్ల. విశాఖలోని ఓ చిన్న కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది. సముద్రం మీద గాలి ముదిరేలా ఉంటే, తీరం పొడుగునా పడవల వాళ్లకు ఫోన్ మోగించి హెచ్చరిక వినిపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. తన వంతు వచ్చిన వారం డ్యూటీ ఫోను వదలకూడదు. స్నానానికి వెళ్లినా బకెట్ పక్కన పెట్టుకోవలసిందే.

ఆ పనికో కట్టుబాటుంది. ఏ చిన్న మార్పు చేసినా ముందు పది ఫోన్లకే పంపాలి, ఒక రోజు చూడాలి, తర్వాతే అందరికీ. ఆ పదీ ఈ ఊరి నంబర్లే. ఝాన్సీయే ఏరి పెట్టింది.

హెచ్చరిక పుస్తకాల తెలుగులో వస్తుంటే జనం నవ్వేవారు. అందుకని తన గొంతుతో, ఊరి మాటలో రికార్డు చేసింది: “గాలొస్తాది, ఎవులూ ఏటకెల్లకండి.” కంపెనీ సరేనంది. ఇక పిల్లకి కాలు నేల మీద నిలవలేదు. ఆ మధ్యాహ్నమే గాలి ముదురుతుందని తెలిసింది. పది ఫోన్లేమిటి, ఒక రోజు ఆగడమేమిటి! కొత్తది అందరికీ ఒకేసారి వదిలేసింది. తొందరేమీ కాదు, పాత హెచ్చరిక పంపినా సరిపోయేది; వట్టి గొప్ప.

ఫోన్లన్నీ మోగాయి. మాట మాత్రం రాలేదు. ఆమె పెట్టిన రికార్డును సిస్టమ్ పలికించలేకపోయింది. ఎత్తిన ఫోన్లనే లెక్కపెట్టే స్క్రీన్ మీద మాత్రం అన్నీ పచ్చ గుర్తులే. చూసి మురిసిపోయింది కూడా.

ఆ సాయంత్రం వేటకు దిగిన రాముడి పడవ బోల్తా పడింది. ఝాన్సీకి వరసకు మావ అవుతాడు, ఆ పది నంబర్లలో ఒకటి అతనిదే. తెల్లారాక చెయ్యి విరిగి, వలలు పోగొట్టుకుని, వేరే పడవలో ఒడ్డుకు చేరాడు. జనమంతా మూగారు.

“ఫోను మోగినాది గానీ మాట రానేదు,” అన్నాడు రాముడు.

“నాకొచ్చినాది.” ఝాన్సీ తండ్రి అసిరయ్య ముందుకొచ్చాడు. పడవ మరమ్మతులో ఉండి నిన్న ఇంటిపట్టునే ఉన్నాడు. “ఇన్నాను. మీకు సెప్పడం మర్సిపోనాను.”

ఊరు ఊరంతా ఆయన మీద పడింది. మనిషివేనా అన్నారు. ఆయన మెడ వంచకుండా అన్నీ పడ్డాడు, కూతురి వైపు చూసి ఊరుకోమని కళ్లతోనే సైగ చేశాడు. ఝాన్సీ డ్యూటీ ఫోనులో నిన్న పంపిన హెచ్చరిక తెరిచి చెవి దగ్గర పెట్టుకుంది; మాట లేదు.

“నాన్న అబద్దమాడతన్నాడు మావా. ఎవులికీ రానేదు. తప్పు నాది,” అంది.

రాముడు కోప్పడలేదు. “పతిసారీ వచ్చినాదా మావా అని ఇంటికొచ్చి అడిగీదానివి గదే. నిన్న రానేదేటి?”

సిస్టమ్ అనో, ఫైలు అనో ఏదో చెప్పి తప్పించుకోవచ్చు. అది నిజమా అని నిలదీసి అడిగేవాళ్లు అక్కడ లేరు. ఆ విరిగిన చెయ్యి చూస్తూ ఆ పని చేయలేకపోయింది.

“అందరూ ఒకేపాలి నా గొంతినాలని, మావా.”

అన్ని తిట్లకూ తల వంచని అసిరయ్య, ఆ మాటకి తల దించుకున్నాడు.