నాయన పళ్లతో పట్టిన చప్పుడు

బోరు ఎండిపోయిన వేసవిలో మా చీనీ, అంటే బత్తాయి, చెట్లను కాపాడింది ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి. వెనక నీళ్ల ట్యాంకు కట్టి, పక్క ఊరి బోరు నుంచి వంక దాటి రోజుకు నాలుగు ట్రిప్పులు తోలేవాణ్ణి. ఎండిన వాగు కదా, వంక నిండా ఇసుక. లివర్ వేసి ముందు చక్రాలతో కూడా లాగిస్తేనే బండి గట్టెక్కేది.

ఒకరోజు ఆ లివర్ వేయగానే కింద గరగరమని రాయి నూరుతున్నట్టు చప్పుడు. లివర్ తీస్తే చప్పుడు లేదు. కళ్యాణదుర్గం మెకానిక్ బండిని ఒక రౌండు తిప్పి, గేర్‌బాక్సు దించాల్సిందే, వారం పడుతుందన్నాడు. వారం నీళ్లు లేకపోతే ఎనిమిదేళ్ల చెట్లు కట్టెలైపోతాయి. ఏడుపొక్కటే తక్కువ నాకు. ఇంటికొచ్చి కనిపించిన ప్రతివాడి మీదా విసుక్కున్నాను.

నాయన, బోర్లు వేసే బోరు బండి మీద ఇరవై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. తెల్లారి చూస్తే బండి కింద ఆయన కాళ్లు కనిపించాయి. నేనూ దూరాను. ముందు చక్రాలకు పోయే షాఫ్టును చేత్తో తిప్పమని సైగ చేశాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను గేర్‌బాక్సుకు ఆనించి, పిడిని పళ్లతో కరిచి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చెవులు పోయాక బోరు బండి ఇంజను జబ్బులు కూడా అట్లాగే కనిపెట్టేవాడు.

తల అడ్డంగా ఊపాడు. మొనను కొంచెం కొంచెం ముందుకు జరిపి, ముందు ఇరుసు దగ్గరి జాయింటు పక్కన ఆపాడు.

"ఈడుండాది. గేర్‌బాక్సుకు ఏమీ కాలే."

విప్పితే జాయింటులోంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది. బండి అంతటికీ గ్రీజు కొట్టేవాణ్ణి గానీ, వంకలో ఐదు నిమిషాలే కదా దీనికి పని అని ఆ షాఫ్టును ఎన్నడూ తాకలేదు. నా తెలివి అట్లా ఏడ్చింది. మధ్యాహ్నానికి కొత్త జాయింటు పడింది. పొద్దు గూకేలోపు రెండు ట్రిప్పులు తోలాం.

తోటలో ఆయన చెవి దగ్గర అరిచి, ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"నాలుగు దినాలుగా కాళ్ల కింద తెలుస్తానే ఉండాది. బండిలో నీ పక్కనే కూర్చోనుంటి కదప్పా. నువ్వు అడగలే."

చెప్పొచ్చు కదా అనబోయి ఆగిపోయాను. ఆయన ఏ మాట ఎత్తినా, "నీకు వినపడదులే నాయనా, ఊరుకో" అంటూ రెండేళ్లుగా చేయి అడ్డం పెడుతున్నది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన పార తీసుకుని పక్క చెట్టుకు నీళ్లు మళ్లించాడు.