నా సీట్లో స్టీరింగు

నేను డ్రైవింగ్ నేర్పుతాను. ఈ మాట చెప్పగానే జనం నన్ను రోడ్డు మీద పులి అనుకుంటారు. నేనూ కాదనను. నిజానికి నేర్పేవాళ్ళు బండి నడపరు. నేర్చుకునేవాళ్ళు నడుపుతారు, మేం పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాం. మా స్కూలు కారులో నా సీటు ఎడమవైపు. నా కాళ్ళ కింద నాకంటూ విడిగా ఒక క్లచ్, ఒక బ్రేక్ బిగించి ఉంటాయి. యాక్సిలరేటర్ ఉండదు. దాంతో నాకు పనీ లేదు. నా ఉద్యోగం ఆపడం.

ఆపడంలో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరు. పిల్లి గోడ దిగుదామా అని ఆలోచిస్తుండగానే నా కాలు బ్రేక్ మీద ఉంటుంది. మా శిష్యురాళ్ళు దాన్ని అనుభవం అంటారు. అది ఒట్టి పిరికితనమని నాకొక్కదానికే తెలుసు. స్కూలు మా వెనక సందులోనే ఉంది కాబట్టి నడిచి వెళతాను. ఇంట్లో కారు లేదు. అందువల్ల నా గుట్టు ఇన్నేళ్ళూ భద్రంగా ఉంది.

మావారిది వాచీలు బాగుచేసే కొట్టు. కొట్టంటే నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దస్తమానం జానెడు దూరంలో ఉన్నదాన్నే చూసే మనిషి ఆయన. ఎదురుగా గోడకి ఎప్పటిదో కేలండర్ ఒకటి ఉంటుంది. అందులో కొండల మధ్య నీలంగా ఒక సరస్సు. సంవత్సరాలు మారినా దాన్ని తీయనివ్వరు. "తేదీలు పాతబడ్డాయి గానీ నీళ్ళు పాతబడలేదుగా" అంటారు. చచ్చేలోపు ఆ సరస్సు ఒడ్డున ఒకసారి నిలబడాలని ఆయన కోరిక. ఆయనకున్న కోరిక కూడా అదొక్కటే.

ఆ సరస్సు వేరే దేశంలో ఉంది. ఈసారి సెలవులకి వెళ్దామని తేల్చుకున్నాం. తీరా వాకబు చేస్తే అంత పైకి బస్సులు వెళ్ళవని, కారు ఉండాల్సిందేనని తెలిసింది.

"అక్కడ డ్రైవర్ని మాట్లాడుకుందామా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఇంట్లో నువ్వుండగానా?" అని ఆయన నవ్వారు.

నవ్వి ఊరుకుంటే బాగుండేది. కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ మా ఆవిడ పరాయి దేశంలో కారు నడపబోతోందని డప్పు కొట్టారు. ఊరికే బ్యాటరీ మార్పించుకుందామని వచ్చినవాళ్ళు కూడా మా ఇంటి మీదుగా వెళ్తూ నన్ను మెచ్చుకుని పోయారు. ఇక వెనక్కి తగ్గడానికి నాకు సందు లేకుండా పోయింది.

ఆ దేశంలో బండ్లు రోడ్డుకి కుడివైపున వెళతాయి, స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. ఇదంతా నాకు పాఠంలా కంఠతా వచ్చు. అక్కడ దిగాక అద్దెకార్ల ఆఫీసులో ఉన్నావిడకి కూడా మావారు సైగలతో, వచ్చీరాని మాటలతో నా వృత్తి గురించి చెప్పేశారు. ఆవిడ గౌరవంగా తాళం ఇచ్చి, మమ్మల్ని సాగనంపడానికి బయటిదాకా వచ్చింది.

నేను ఎడమవైపు తలుపు తీసుకుని ఎక్కాను. మావారు కుడివైపు ఎక్కారు. బెల్టు పెట్టుకుని, ఆయనవైపు తిరిగి, రోజూ చెప్పే గొంతుతోనే చెప్పాను. "సీటు ముందుకి జరుపుకోండి. అద్దం సరిచూసుకోండి. న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని స్టార్ట్ చేయండి."

మావారు నా మాట కాదనే మనిషి కాదు. సీటు జరుపుకున్నారు. అద్దం తనవైపు తిప్పుకున్నారు. తర్వాత ఎదురుగా ఉన్న డాష్‌బోర్డును రెండు చేతులతో కాసేపు తడిమి, "ఏమోయ్, స్టార్ట్ చేద్దామంటే ఇక్కడ ఏమీ లేదు" అన్నారు.

అప్పుడు తల తిప్పి నా ముందు చూసుకున్నాను. నా సీట్లో ఎవరో స్టీరింగు పెట్టారు. బయట నిలబడ్డావిడ మొహంలో గౌరవం దిగిపోవడం అద్దంలోంచి స్పష్టంగా కనిపించింది.

పక్క వీధిలోనే ఉన్న హోటలుకి మొదటి గేరులోనే చేరాను. మలుపు వచ్చినప్పుడల్లా ఇండికేటరనుకుని వైపర్లు వేశాను. ఎర్రటి ఎండలో వైపర్లు ఊపుకుంటూ వెళ్తున్న మమ్మల్ని చూసి, కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన తలెత్తి ఆకాశంవైపు చూశాడు. కారు హోటలు వెనకాల పెట్టి దిగేసరికి నా జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది.

ఆ తర్వాత నాకు ఎన్ని జబ్బులు వచ్చాయో చెప్పలేను. మొదట తలనొప్పి వచ్చింది. తర్వాత నడుం పట్టేసింది. ఒకరోజు చినుకులు పడితే ప్రాణం లేచొచ్చినట్టయింది. తడిరోడ్డు ఎంత ప్రమాదమో మావారికి అరగంట పాఠం చెప్పాను. ఇంకోరోజు టైర్లో గాలి తక్కువగా ఉందేమోనని అనుమానపడ్డాను, అనుమానం తీర్చుకోలేదు. అలా రోజులన్నీ హోటలు చుట్టుపక్కల వీధులు నడిచి చూశాం. ఆయన రోజూ పొద్దున్నే కిందికి వెళ్ళి, కారు అద్దం మీద రాలిన ఆకులు తీసి, జేబురుమాలుతో తుడిచి వచ్చేవారు. నేను కిటికీలోంచి చూసి తెర వేసేసేదాన్ని.

మర్నాడు సాయంత్రం కారు తిరిగి ఇచ్చేయాలనగా, ఆయన మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ అన్నారు. "పోనీలేవోయ్. మనకి కేలండర్ ఉందిగా."

అందులో ఎత్తిపొడుపు ఉంటే పోట్లాడేదాన్ని. పోట్లాడి మూతి ముడుచుకుని పడుకుంటే మర్నాడు కూడా గడిచిపోయేది. ఎత్తిపొడుపు ఎంత వెతికినా దొరకలేదు. ఆయన నిజంగానే సర్దుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, నామీద నాకే ఒళ్ళు మండింది.

"పొద్దున్నే వెళ్దాం" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

పొద్దున బయల్దేరి వీధి చివరిదాకా బాగానే వచ్చాను. గేరు కుడిచేతికి అలవాటే, శిష్యురాళ్ళ గేర్లు సగం నేనే వేస్తుంటాను. అక్కడ ఒక పెద్ద సర్కిల్. నాలుగు రోడ్ల బండ్లు నాకు అలవాటు లేని వైపు నుంచి వచ్చి గిర్రున తిరిగిపోతున్నాయి. ఆపాను. అద్భుతంగా ఆపాను. ఖాళీ దొరికింది, కదల్లేదు. మళ్ళీ దొరికింది, అయినా కదల్లేదు. ఆ సీట్లో కూర్చున్నాక నా కాళ్ళకి తెలిసిన పని ఒక్కటే, అది అవి చేసేశాయి. కుడికాలిని బ్రేక్ మీంచి పక్కకి జరగమని ఎంత బతిమాలినా వినదే. వెనక హారన్ మోగింది, దాని వెనక ఇంకొకటి.

"నావల్ల కాదండీ. దిగిపోదాం" అన్నాను.

మావారు నావైపు తిరగలేదు. తిన్నగా ముందుకే మొహం పెట్టి, సాయంత్రాలు శిష్యురాళ్ళు ఫోన్ చేస్తే నేను మాట్లాడే గొంతుతో, అచ్చం అలాగే అన్నారు. "కంగారుపడకమ్మా. నేనున్నాను కదా. మెల్లగా పోనీ."

"మీ కాళ్ళ కింద బ్రేక్ లేదు."

"లేదు. అయినా ఉన్నాను కదా."

ఆ మాటలో తర్కం ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. కాలు కదిలింది. సర్కిల్లోకి వెళ్ళాను, బయటికొచ్చే దారి దాటిపోయింది, ఇంకో చుట్టు తిరిగాను, మళ్ళీ దాటిపోయింది. మూడో చుట్టులో బయటపడ్డాను. ఆ తర్వాత కొండదారి. "కుడి, కుడి, కుడి" అని జపం చేస్తూ ఎక్కించాను. మలుపులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు బ్రేక్ తొక్కలేదు, పక్కకి జరిగాను. ఆ పని నేనే చేశానని తెలియడానికి కాసేపు పట్టింది. మావారు మాత్రం బొమ్మలా కూర్చుని, నేను ఊపిరి గట్టిగా పీల్చినప్పుడల్లా "మెల్లగా పోనీ" అంటున్నారు. ఈయనకి నామీద ఎంత నమ్మకం అనుకున్నాను.

చెట్లు అయిపోయి, రోడ్డు చదునయ్యి, సరస్సు కనిపించింది. ఒడ్డున కారు ఆపాను.

"వచ్చేశామండీ."

"ఇంజన్ ఆపేశావా?"

"ఆపేశాను."

"హ్యాండ్‌బ్రేక్ వేశావా?"

"వేశాను."

అప్పుడు ఆయన కళ్ళు తెరిచారు.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. తలుపు మీది పిడిని పట్టుకున్న చేతివేళ్ళు ఎంతకీ విచ్చుకోకపోతే, ఆయన రెండో చేత్తో ఒక్కొక్కటే విడదీసుకుంటున్నారు. చొక్కా కాలరు తడిసిపోయి ఉంది.

"దారంతా మూసుకునే ఉన్నారా?"

"హోటలు గేటు దాటినప్పట్నుంచీ." సిగ్గుపడుతూ నవ్వారు. "నాకు మొదట్నుంచీ భయమేనోయ్. నీకూ భయమేనని తెలుసు. ఇద్దరం బయటపెట్టుకుంటే ఇక వచ్చినట్టే."

సరస్సు ఎదురుగానే ఉంది. ఇద్దరం దిగలేదు. కారులోనే కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక కూడా నాకు ఆ నీళ్ళు ఆగలేదు. తర్వాత ఆయన దిగి ఒడ్డుదాకా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

తిరిగి వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. నేను స్టార్ట్ చేసి ఆయన మొహంలోకి చూశాను.

"దిగేటప్పుడు లోయ నావైపే ఉంటుంది కదూ?" అన్నారు.

"అవును. కళ్ళు మూసుకోండి, పరవాలేదు."

"వద్దులే" అని ఆయన కిటికీ అద్దం పూర్తిగా కిందికి దించారు.