అవతలి వైపు ఊపిరి

రాజమండ్రిలో సూర్యప్రకాశంగారి ఫోన్ నెంబరుతో పని పడిన ఇళ్ళు వెయ్యికి తక్కువ ఉండవు. వాటిలో ఏ ఒక్కరి ఫోన్లోనూ ఆయన పేరు దాచుకుని ఉండదు. ఆయన అపరకర్మలు చేయించే బ్రాహ్మడు. ఇంట్లో మనిషి పోయిన పూట ఎవర్నో అడిగి ఆ నెంబరు సంపాదిస్తారు, పన్నెండో రోజు దాటగానే చెరిపేస్తారు. ఆ తర్వాత బజార్లో ఎదురుపడితే చూపు తిప్పుకుని పక్కనున్న కొట్టు బోర్డు చదువుతారు. అన్ని రోజులూ ఆయన చెప్పినచోటల్లా కూర్చుని, చెప్పినప్పుడల్లా లేచినవాళ్ళే. ఆయనకి దీనిమీద కోపం లేదు. కోపం రావలసింది చూసేవాళ్ళకి.

ఆయన తండ్రి కాలంలో కబురు మనిషి తెచ్చేవాడు. వీధిలోనే నిలబడి, అరుగు కూడా ఎక్కకుండా, పోయినవారి పేరూ ఇంటి గుర్తూ చెప్పి వెళ్ళిపోయేవాడు. సూర్యప్రకాశంగారి ఇంట్లో చావు అనే మాట పలకరు. 'కబురొచ్చింది' అంటారు, అంతే. ఇప్పుడు కబురు ఫోన్లో వస్తోంది. అది కూడా పోయినవారి ఇంటివాళ్ళు చెయ్యరు. పక్కవాటా ఆయనో, ఆఫీసులో తోటి గుమస్తానో చేస్తారు. కాబట్టి ఎప్పుడొచ్చినా అది తెలియని నెంబరే. తెలియని నెంబరు ఎత్తొద్దని ఊరంతా ఒకరికొకరు బోధించుకుంటున్న కాలంలో, తెలియని నెంబరు ఎత్తితేనే సూర్యప్రకాశంగారింట్లో పొయ్యి వెలుగుతుంది.

అందుకని దేశంలో ఉన్న మోసగాళ్ళందరికీ ఆయన దొరికిపోయారు. లోన్లు ఇస్తామనేవాళ్ళు, కార్డు ఆగిపోయిందనేవాళ్ళు, శంషాబాద్ అవతల ప్లాట్లున్నాయనేవాళ్ళు. మొదట్లో ఆయనకి అదో కాలక్షేపం.

"మీ పేరు మీద పార్సిల్ దొరికింది. అందులో మత్తుమందులున్నాయి. మేం పోలీసు హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం" అన్నాడొకడు గొంతు బిగించి.

"నాకు పార్సిళ్ళు రావు నాయనా. నేను పంపించేవాణ్ణి."

"ఎక్కడికి పంపిస్తారు?"

"పైకి."

అవతలివాడు కాస్త ఆలోచించి, "పైకి అంటే ఢిల్లీకా?" అన్నాడు.

వంటింట్లో ఆయన భార్య సీతారామలక్ష్మి గరిటె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏమండీ, వాడికి కూడా మీ నెంబరు అవసరం పడుతుందిలెండి. దాచుకోమనండి."

ఈ కథ ఆయన శశిభూషణరావు మాస్టారికి చెబితే మాస్టారు గోదావరి మెట్ల మీద పొట్ట పట్టుకుని నవ్వారు. మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పదకొండేళ్ళుగా సాయంత్రం పూట రేవులో సూర్యప్రకాశంగారి పక్కన అందరూ చూస్తుండగా కూర్చునే మనిషి ఊళ్ళో ఆయనొక్కరే. ఉడికించిన వేరుశనక్కాయల పొట్లం ఇద్దరి మధ్యా పెట్టేవారు. "ఒరేయ్ ప్రకాశం, నా పని ఎలాగూ నువ్వే చేయించాలి. ఇప్పట్నుంచే కాస్త మంచి చేసుకోనీరా నిన్ను" అనేవారు. "నువ్వు ముందు కాయలు వదులు, శశీ" అనేవారు ఈయన.

వైశాఖంలో మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పడిపోయింది. ఆ సంగతి సూర్యప్రకాశంగారికి టీకొట్టు దగ్గర తెలిసింది. మాస్టారి ఇల్లు నడిస్తే పది నిమిషాలు. కానీ జబ్బుపడ్డ మనిషి ఇంటికి ఈయన వెళ్ళకూడదు. ఈయన గుమ్మంలో కనిపిస్తే ఆ ఇంట్లో ఆడవాళ్ళ మొహాలు ఎలా మారతాయో ఈయనకి తెలుసు. ఫోన్ కూడా చెయ్యకూడదు. ఈయన గొంతు ముందుగా ఏ ఇంట్లోనూ వినిపించకూడదు. పిలిస్తే వెళ్ళాలి. పిలిచే రోజు రాకూడదని కోరుకుంటూ, ఒక్కరే మెట్ల మీద కూర్చుని తిరిగొచ్చేవారు.

అదే రోజుల్లో మూగ ఫోన్లు మొదలయ్యాయి. మోగుతుంది, ఎత్తితే అవతల ఎవరూ ఉండరు. హలో, హలో అని నాలుగుసార్లు అన్నాక తెగిపోతుంది. స్నానం చేస్తుంటే ఒకటి, విస్తరి ముందు కూర్చుంటే ఒకటి. రేవులో పిండాలు పెట్టిస్తుంటే మూడు. భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు ఫణిశ్రీ ఆదివారం వచ్చినప్పుడు వివరించింది.

"అది మనిషి కాదు నాన్నగారూ, మెషీను. ఈ నెంబరు ఎత్తుతారా లేదా అని చూసుకుంటుంది. ఎత్తుతారని తెలిస్తే దొంగవాళ్ళకి అమ్ముతారు. మాట్లాడకండి. ఇదిగో, ఇక్కడ నొక్కండి, బ్లాక్ అయిపోతుంది."

ఆయన నేర్చుకున్నారు. రెండు వారాల్లో నలభై నెంబర్లు బ్లాక్ చేశారు.

ఒక మంగళవారం ఎండలో రెండు దహనాలు చేయించి, నాలుగు దాటాక ఇంటికొచ్చి, తడిబట్ట మార్చుకుని అప్పుడే ఆ రోజు మొదటి ముద్ద కలుపుకున్నారు. ఫోన్ మోగింది. అప్పటికది ఆ రోజు అయిదోది. ఎడంచేత్తో ఎత్తారు. "హలో."

ఏమీ లేదు. కానీ ఈసారి ఊపిరి వినిపించింది. నింపాదిగా, కాస్త గరగరగా, ఎవడో పనిగట్టుకుని వింటున్నట్టు. మెషీనుకి ఊపిరి ఉండదు కదా. అంటే మనిషే. ఉండీ పలకడం లేదు. తమాషా చూస్తున్నాడు. ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడ్రా నువ్వు? నోరు పడిపోయిందా? చావు! చచ్చి ఊరుకో! నీ పని కూడా వచ్చి నేనే చేయిస్తాను!"

ఊపిరి ఒక్కసారి తడబడినట్టు వినిపించింది. ఆయన లైను తెంపి, నెంబరు బ్లాక్ చేశారు. తలెత్తి చూస్తే సీతారామలక్ష్మి మజ్జిగ గిన్నెతో గుమ్మంలో నిలబడిపోయి ఉంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట ఆ ఇంట్లో ఆమె వినడం అదే మొదలు.

గురువారం పొద్దున్న కబురొచ్చింది. ఎవరో ఎదురింటాయన చేశారు. శశిభూషణరావు మాస్టారు.

సూర్యప్రకాశంగారు వెళ్ళారు, చేయించవలసినదంతా చేయించారు. మంత్రం ఎక్కడా తడబడలేదు. మూడో రోజు అస్థి సంచయనం అయ్యాక, చెన్నై నుంచి వచ్చిన మాస్టారి అబ్బాయి మణిశంకర్ ఆయన్ని వసారాలో ఆపాడు.

"మీకో మాట చెప్పాలండి. మంగళవారం సాయంత్రం నాన్నగారు నా ఫోన్ కావాలని సైగ చేశారు. ఎడంచేత్తో ఆయనే మీ నెంబరు నొక్కారు. ఒక్క అంకె కూడా తప్పు లేదు. మాట రాదు కదా, ఏం మాట్లాడతారో అని నేను బయటికొచ్చేశాను. మీరు ఎత్తారు, ఇదిగో, అర నిమిషం మాట్లాడినట్టుంది."

ఫోన్ తిప్పి చూపించాడు. సూర్యప్రకాశంగారు చూడలేదు.

లోపలి నుంచి మాస్టారి భార్య ప్రసన్నకుమారి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. పదకొండేళ్ళలో ఆమె ఈయనతో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి.

"ఆ పూటదాకా ఆయనకి ఒకటే భయం అన్నయ్యగారూ. నా చెయ్యి పట్టుకుంటే వదిలేవారు కాదు, మణికట్టు కమిలిపోయింది. మీతో మాట్లాడాక కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నారు. వంకరపోయిన మూతితోనే నవ్వినట్టు కూడా అనిపించింది నాకు. ఆ తర్వాత నా చెయ్యి వదిలేశారు. మళ్ళీ పట్టుకోలేదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏం చెప్పారండీ ఆయనకి?"

భయం పోయినవాడూ చెయ్యి వదుల్తాడు, ఆశ పోయినవాడూ వదుల్తాడు. ఏది ఏదో సూర్యప్రకాశంగారికి తెలియదు. ఆయన బతుకంతా పోయినవాళ్ళతోనే గడిచింది. పోతున్నవాళ్ళ దగ్గరికి ఆయన్ని ఎవరూ రానివ్వలేదు. వసారాలో ఏడెనిమిది మంది ఆయన నోటివైపు చూస్తున్నారు.

"నారాయణ స్మరణ చెప్పానమ్మా" అన్నారు.

ఆమె వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది.

ఇంటికెళ్ళి, బ్లాక్ చేసిన నెంబర్ల జాబితా తెరిచారు. నలభై ఒక్కటి. చివరిది మణిశంకర్ నెంబరు. మిగిలిన నలభైని కూడా చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. వాటిలో ఎన్ని మెషీన్లో, ఎందరు మనుషులో. ఒక్కొక్కటే మొత్తం విడిపించేశారు. "మీకేమైనా మతిపోయిందా నాన్నగారూ?" అని ఆదివారం వచ్చిన ఫణిశ్రీ కసురుకుంది.

ప్రసన్నకుమారి ఆ మాట ఎవరెవరికి చెప్పిందో గానీ, ఆషాఢం వెళ్ళేలోపు ఊరు దాటిపోయింది. ఆయన ఫోన్లో చెబితే ప్రాణం సుఖంగా పోతుందట. గుమ్మం తొక్కనివ్వని జనం, గొంతుని మాత్రం మంచం దాకా రానిచ్చారు. గొంతుకి మైల లేదు కాబోలు. ఫోన్ రోగి చెవి దగ్గర పెట్టి, "కానివ్వండి గురువుగారూ" అనేవాళ్ళు. కొందరు ఆ మాట కూడా అనకుండా, నెంబరు నొక్కి చెవి దగ్గర పెట్టేసేవాళ్ళు. మూగ ఫోన్లు ఎలాగూ వస్తూనే ఉన్నాయి. ఏది ఎవరో తెలిసే దారి లేదు. అందుకని ఆయన ఎత్తగానే హలో అనడం మానేశారు. నిశ్శబ్దం వినగానే కళ్ళు మూసుకుని నారాయణ, నారాయణ, నారాయణ అంటారు. ఒక్కోసారి ఆ నారాయణ మధ్యలోంచి ఒక ఆడగొంతు హుషారుగా, "అభినందనలు! మీకు అయిదు లక్షల లోను మంజూరైంది!" అంటుంది. సీతారామలక్ష్మి ఇప్పుడు నవ్వడం లేదు.

మాస్టారి మాసికం నాటి మధ్యాహ్నం వాన పడుతోంది. మాస్టారింట్లో ఆ పని చేయించి, భోజనానికి ఆగకుండా వచ్చేశారాయన. ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్ మోగింది.

ఊపిరి. నింపాదిగా, కాస్త గరగరగా.

నారాయణ అనబోయారు, నోరు రాలేదు. ఊపిరి అలాగే వినిపిస్తోంది. ఆయన తలుపు గడియ వేసొచ్చి గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు.

"శశీ" అన్నారు. "చావమన్నది నిన్ను కాదురా. ఎవడో అనుకున్నాను. ఆకలి మీదున్నాను, అరిచేశాను. నువ్వని తెలిస్తే అంటానా? మీ ఆవిడ నన్నడిగింది. అబద్ధం చెప్పాను. ఆవిడ నా కాళ్ళు మొక్కింది. నువ్వు నవ్వావో ఏడ్చావో ఒక్కమాట చెప్పరా."

ఆపాక, వాన చప్పుడు అవతల కూడా వినిపించింది. తర్వాత ఎక్కడో దూరం నుంచి ఒక ఆడపిల్ల గొంతు.

"గురువుగారూ, ఉన్నారాండి? మాది గోదావరి మధ్య లంక ఊరండి, సిగ్నల్ సరిగా లేదు. ఇంతసేపూ ఫోన్ అమ్మ చెవి దగ్గరే పెట్టాను. మీరేం చెప్పారో నాకు వినపడలేదు గానీ, అమ్మ కళ్ళు తెరిచి నావైపే చూస్తోందండి. మూడు రోజుల నుంచి తెరవలేదు. ఇంకోసారి చెప్తారాండి?"

సూర్యప్రకాశంగారు నిటారుగా కూర్చున్నారు. ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నారు.

"అమ్మ పేరేంటమ్మా?"

"సత్యకుమారమ్మండి."

ఎవరి పేరైనా ఆయన అడిగింది ఇంతవరకూ పోయాకనే.

"సత్యకుమారమ్మా" అని పిలిచారు. అవతల ఊపిరి ఒక్క క్షణం ఆగింది. ఆయన కూడా తన ఊపిరి బిగబట్టి, అది మళ్ళీ వినిపించేదాకా ఆగారు.