ఫ్యాన్ల కాడ కావలి

"నువ్వే పోవాలె. నేను పోయి ఏం జేస్త?"

"నీ సొంత తమ్ముడమ్మా. ఆఖరి సూపు జూసుకోవా?"

"నా సూపుతోని కట్టెలు అంటుకుంటయా? కొరివి మేనల్లుడే పెట్టాలెనని వాడు బతికున్నప్పుడే అన్నడు. ఆలు ముందే పాయె, పిల్లలు లేకపాయె. నువ్వు పోకుంటే ఎవలు పెడ్తరు?"

"మరి ఫ్యాన్లెవలు జూస్తరు?"

"నేను సచ్చిన్నా?"

నా కొడుకు తల పట్టుకున్నాడు. "నీకు అప్పజెప్పాల్నా? పొద్దున లేస్తే రెండు ఫ్యాన్లు బందువెట్టు, కరెంటు బిల్లు ఇల్లు ముంచుతదని మొత్తుకునేది నువ్వే గదనే! నేను గేటు దాటంగనే నువ్వు స్విచ్చు కొట్టవని ఏంది నమ్మకం?"

తమ్ముడు పోయాడని మోత్కూర్ దిక్కున్న మా పుట్టినూరి నుంచి పొద్దున్నే ఫోను వచ్చింది. మా కోళ్ల షెడ్డు చౌటుప్పల్ అవతల. కోడలు రెండో కానుపుకు తల్లిగారింట్లో ఉంది. షెడ్డులో పనిచేసే అతను ఊరికి పోయాడు. నడి ఎండాకాలం, తూకానికొచ్చిన కోళ్లు. ఇద్దరిలో ఒకరే కదలాలి.

నేను చదివింది మూడో తరగతి. అయినా ఫ్యాను ఫ్యానుకు తేడా ఉందని ఈ షెడ్డులోనే తెలిసింది. పాత షెడ్డులో కప్పుకు వేలాడే ఫ్యాన్లుండేవి. అవి ఉన్న గాలినే తిప్పుతాయి. ఉడుకు గాలిని ఎంత కలిపినా ఉడుకు గాలే. ఇప్పటి మూసిన షెడ్డులో ఒక కొస గోడ నిండా మనిషెత్తు ఫ్యాన్లు. అవి లోపలి గాలిని బయటికి లాగేస్తాయి. రెండో కొసన నీళ్లు కారే అట్టల గోడ. ఇటు లాగితే అటునుంచి చల్లగాలి వచ్చి, కోళ్ల మీదుగా సాగి పోతుంది. నడుమ పక్కగోడల పరదా కొంచెం కిందికి దించినా పైన సందు తెరుచుకుని, గాలి అందులోంచే దూరి, అట్టల దిక్కు నుంచి రావడం తగ్గిపోతుంది. ఇదంతా తెలిసే నేను పోట్లాడేదాన్ని. బిల్లు చేతికొస్తే నోరు ఊరుకోదు.

తమ్ముడు చేసింది పత్తి మిల్లులో. అక్కడ నత్తగుల్లలాంటి ఇనుప డొక్కలో ఒక ఫ్యాను ఉండేదట. గొట్టం పెడితే కుప్పలోని పత్తిని లోపలికి లాగేసేది. అది ఏనాడూ ఆగలేదు. దుమ్మును బయటికి తోలాల్సిన గోడ ఫ్యాను మాత్రం దూది పేరుకుని కదలక నిలిచిపోయింది. దాన్ని బాగుచేయించినవాళ్లు లేరు. ఆ నుసి పీల్చీ పీల్చీ వాడికి దమ్ము పట్టుకుంది.

పోయినేడు మా షెడ్డుకు వచ్చినప్పుడు, అట్టల గోడ ముందు నిలబడి చాలాసేపు గాలి పీల్చాడు. "అక్కా, వచ్చే జన్మల నీ షెడ్డుల కోడినై పుడ్త," అన్నాడు.

"నెలన్నరకే కోస్తర్రా."

"కోస్తే కోయనీ. నెలన్నర సుఖంగ ఊపిరన్న తీస్త గదా."

కొడుకు బండి తీస్తూ మళ్లీ చెప్పాడు: "కరెంటు పోతే జనరేటర్ వెయ్యి. అది గూడ పడకుంటేనే పరదాలు దించు."

"తెలుసు పోరా. మీ మామ నోట్ల నా పేరు జెప్పి ఇన్ని నీళ్లు పొయ్యి."

నేను స్నానం చేసి వచ్చి గోడ ఫ్యాన్ల పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. ఒక్క స్విచ్చూ ముట్టలేదు. పొద్దు కాస్త వాలాక కరెంటు పోయింది. ఫ్యాన్లు నిదానించి ఆగాయి, వాటి రేకు తలుపులు టపటపా పడిపోయాయి. ఆ నిశ్శబ్దం మంచిది కాదు. చూస్తుండగానే కోళ్లు నోళ్లు తెరిచాయి, రెక్కలు ఎడం చేశాయి. జనరేటర్ బటన్ నొక్కితే గుర్రుమని ఆగిపోయింది. బొడ్లో ఫోను మోగడం మొదలుపెట్టింది. మళ్లీ నొక్కాను, పడలేదు. ఫోను మోగుతూనే ఉంది. పరదా తాడు వైపు ఒకసారి చూసి, ఇంకోసారి నొక్కాను. పొగ కక్కి అందుకుంది. ఒక్కొక్క ఫ్యానే వేశాను. రేకు తలుపులు లేచాయి. అప్పుడు ఫోను తీశాను.

"ఎందుకు ఎత్తలేదమ్మా? కట్టెల మీద పెట్టినంక ముఖం జూపిద్దామని చేసిన."

"ఏదీ, ఇప్పుడు జూపియ్యి."

"అంటువెట్టిన," అన్నాడు.

"మంచిది," అన్నాను. ఫోను బొడ్లో పెట్టుకుని కోళ్లకు నీళ్లు వస్తున్నాయో లేదో చూడడానికి లోపలికి పోయాను. ఏడిస్తే ఏడ్చాను గానీ, ఫ్యాన్ల హోరులో నాకే వినబడలేదు.

మరునాడు పొద్దున కొడుకు వచ్చి, గేటు బయట బోరు కింద తలస్నానం చేసి, తడిబట్టలతోనే షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచాడు. చచ్చిన కోళ్లు రోజూ ఉండే పాటివే. బయటికి వచ్చి, "నువ్విగ పోమ్మా, బూడిద సల్లారకముందే పో," అన్నాడు. నేను చెప్పులేసుకుని మోత్కూర్ బస్సు కోసం రోడ్డెక్కాను.