పొట్లం కాగితపు త్రిభుజం

తొర్రూరు బస్టాండులో బజ్జీలమ్మే అతను పాత పేపరు మడిచి, బొటనవేలి గోటితో మడత మీద బర్రున గీస్తాడు. ఆ చప్పుడు వింటే నా ఆకలి కాస్త పక్కకు జరుగుతుంది. బజ్జీలు చల్లారుతున్నా సరే, ముందు కాగితం విప్పి ఎలా మడిచాడో చూడాలి. ఈ జబ్బు నాకు అంటించింది రూతమ్మ పంతులమ్మ.

పెద్దవంగర దగ్గరి మా ఊళ్లో ప్రార్థన ఇంటి అరుగే ఆమె బడి. సంఘంవాళ్ల సాయుధ పోరాటం సాగుతున్న రోజులవి. కరపత్రాల భయంతో, ఊళ్లో క్యాంపు వేసిన పోలీసులు ఎవరి చేతిలో కాగితం కనబడినా గుంజుకునేవారు. బడికున్న ఒకే ఒక్క కంపాసును కూడా, మొన ఉందని ఎత్తుకుపోయారు. పంతులమ్మ మాతో చక్కెర పొట్లాల కాగితాలు తెప్పించింది.

"మూడు పక్కలు సమానంగ ఉండే త్రిభుజం కావాలె. ఎట్ల జేస్తరు?"

నేను చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచి, గెలిచినదానిలా చూపించాను.

"మూడు సమానమేనా?"

"సమానమే పంతులమ్మా."

"ఎట్ల తెలుసు?"

నాకు తెలిసిందల్లా అందరికంటే ముందు చేశానని. ఆమె ఒక పక్కను ఇంకో పక్క మీదికి మడిచింది. పొడుగు పక్క వెక్కిరిస్తూ బయటికొచ్చింది. మడత తక్కువైంది కాగితానికి కాదు, నా బుర్రకని తేలిపోయింది.

అప్పుడామె కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి విప్పింది. నడుమ గీత పడింది. కింది ఎడమ మూలను వేలితో అదిమిపట్టి, కుడి మూలను ఎత్తి ఆ గీత మీద ఆనించింది. ఆనిన చోటే త్రిభుజం కొన. అక్కడ గోటితో గుర్తు పెట్టి, విప్పి, ఆ కొన నుంచి కింది రెండు మూలలకూ మడతలు వేసింది.

"కింది అంచే లేచి నిలవడ్డది. పండుకున్నా లేచినా పొడుగు మారుతదా? నడిమి గీత మీద ఉన్నోళ్లకు రెండు మూలలు ఒక్కతీరు దూరమే గద!"

ఇంత గొప్ప విద్యను దాచుకోవడం మా వల్ల కాలేదు. పిల్లలమంతా గంజి పూసి, ఎవరి త్రిభుజాన్ని వాళ్ల ఇంటి తలుపుకు అంటించాం.

మర్నాడు క్యాంపు జమేదారు ఒక త్రిభుజం పీక్కుని బడికొచ్చాడు.

"ఏ పంతులమ్మా! సంఘపోళ్లకు బువ్వ పెట్టే ఇండ్లకు గుర్తులు వెడుతున్నవా? నడువు క్యాంపుకు!"

క్యాంపుకు పోయినవాళ్లు తమ కాళ్ల మీద తిరిగిరావడం మేము చూడలేదు. పంతులమ్మ అతనికో కాగితం అందించింది.

"గుర్తు కాదు సాబ్, లెక్క. మీరు జేసి చూడుండ్రి."

"గిదేమన్న పెద్ద పనా?" అంటూ అతను మూల నుంచి మూలకు మడిచాడు. అచ్చం నాలాగే!

"మూడు సమానమేనా సాబ్?"

"ఆఁ, సమానమే."

"ఎట్ల తెలుసు?"

అతను వేలితో కొలుచుకున్నాడు. మొహం ఎర్రబడింది. "ఏయ్ పోరీ, నువ్వు జెయ్యి," అని నా మీదికి కాగితం విసిరాడు. నడిమి గీత వేశాను. మూల ఎత్తాను. జారింది. మళ్లీ ఎత్తాను. ఆనింది.

అతను నా త్రిభుజాన్ని లాక్కుని, పక్క మీద పక్క మడిచి, తిప్పితిప్పి చూశాడు. ఎక్కడా ఏమీ మిగల్లేదు. "అరే, గిదెట్ల?" అంటూ మెట్టు మీద చతికిలబడ్డాడు. పంతులమ్మ ఎదురుగా కూర్చుని, మాకు చెప్పినట్టే చెప్పింది. "గట్ల కాదు సాబ్, ఆ వేలు తియ్యద్దు!" అని గదమాయించింది కూడా. తాను చేసినదాన్ని జేబులో పెట్టుకుని, "తలుపుల మీదియి పీకియ్యి," అని అతను వెళ్లిపోయాడు.

ఆమె గోడకు ఆనుకుంది. నేను దగ్గరికి జరిగాను.

"మల్ల రాడు గద పంతులమ్మా?"

"రాడు."

"ఎట్ల తెలుసు?"

"తెల్వదు బిడ్డా," అంది.

ఆ ప్రశ్నతో నేను ఇంట్లోవాళ్లను ఇప్పటికీ విసిగిస్తూనే ఉన్నాను. తిరిగి నన్నడిగితే మాత్రం, చాలాసార్లు ఆమె జవాబే నా జవాబు. ఇవాళ బజ్జీ కాగితం నూనెకు జారుతోంది, మూల గీత మీద నిలవడం లేదు. ఎడమ వేలు తియ్యకుండా, ఇంకోసారి ఎత్తుతున్నాను.