ఫోను పెట్టెయ్యని హలో అత్తయ్య

హలో అత్తయ్య తనంతట తాను ఫోను పెట్టెయ్యగా చూసినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. అవతలివాళ్ళు పెట్టాలి, ఆ తర్వాతే ఆవిడ పెట్టాలి. రాంగ్ నంబరు వచ్చినా ఊరుకునేది కాదు. "ఏ నంబరుకి చేశారండీ? ఒక్కో అంకే చెప్పండి" అంటూ తప్పెక్కడుందో తేల్చి మరీ సాగనంపేది. ఒకసారి ఇన్సూరెన్సు అమ్మే అమ్మాయి ఫోను చేసింది. చివరికి ఆ అమ్మాయే గొంతునొప్పికి ఏం చెయ్యాలో ఈవిడ దగ్గర కనుక్కుని, ఇన్సూరెన్సు మాట మరిచిపోయి పెట్టేసింది.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగం అంటించింది. అత్తయ్య ఒక పెద్దాసుపత్రి టెలిఫోను గదిలో పనిచేసి రిటైరైంది. కిటికీ లేని చిన్న గది, ఒక పక్కకి ఒరిగిపోయే కుర్చీ, చెవులకు హెడ్‌ఫోను. చేరిన రోజునే పెద్ద ఆపరేటరమ్మ రెండు మాటలు చెప్పింది. నంబరు చెబితే అవతలివాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవాలి. లైను మాత్రం మనం ముందు తీసెయ్యకూడదు. ఆసుపత్రికి ఫోను చేసేవాళ్ళకు అడగాల్సిన మాట చివర్లో గానీ నోటికి రాదు, అది వచ్చేదాకా ఉండాలి.

అత్తయ్య ఆ మాటల్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఒకరోజు ఎవరో ఫోను చేసి, తన భార్యను ఆపరేషను థియేటరుకు తీసుకెళ్ళారని చెప్పి, ఆపైన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ లైను వదల్లేదు. చాలాసేపటికి అతను "అమ్మా, ఉన్నారా?" అన్నాడు. "ఉన్నానండీ" అంది. అంతే, పెట్టేశాడు. అతనికి కావలసింది ఆ ఒక్క మాటేనని ఆవిడకి తర్వాత అర్థమైంది. ఆ రోజు నుంచి ఇక ఆవిడ చేత ఫోను పెట్టించడం ఎవరి తరమూ కాలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుక్కి ప్రింటింగు ప్రెస్సులో షిఫ్టు డ్యూటీ. కోడలు ఎవరిదో టైలరింగ్ షాపులో బట్టలు కుడుతుంది. సొంతంగా షాపు పెట్టుకోవాలని ఆ పిల్లకి ఎప్పటినుంచో ఆశ. ఓవర్‌టైము డబ్బులు వచ్చినప్పుడల్లా తెచ్చి అత్తగారి చేతిలో పెట్టేది. "నా దగ్గరుంటే కరిగిపోతాయి అత్తయ్యా. మీ అకౌంటులో ఉంటే నాకు ధీమా" అనేది. అత్తయ్య తన పింఛనులోంచి కూడా కొంత కలిపేది, ఆ సంగతి మాత్రం బయటపెట్టేది కాదు. ఇన్నాళ్ళకు చెప్పుల దుకాణం పక్కన ఒక గది ఖాళీ అయింది. అడ్వాన్సు ఇస్తే తాళం చేతికొస్తుంది. కోడలు సంతోషం పట్టలేక అప్పుడే గుమ్మానికి తెర కూడా కుట్టేసింది.

సరిగ్గా అడ్వాన్సు ఇవ్వాల్సిన ముందురోజు పొద్దున్నే ఫోను మోగింది.

"మేడమ్, మీ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ అకౌంటులోంచి ఎవరో డబ్బు లాగేస్తున్నారు. వెంటనే ఆపాలి. లైను కట్ చెయ్యకండి, ఇంట్లో ఎవరికీ చెప్పకండి. తెలిసినవాళ్ళే చేస్తున్నారని మాకు అనుమానం."

ఆ డబ్బు తనదైతే అత్తయ్య ఇంత కంగారు పడేది కాదు. కోడలి సూది పోట్లన్నీ అందులోనే ఉన్నాయి. వాడు చెప్పినట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కార్డు నంబరు అడిగితే చెప్పింది. వెనకనున్న అంకెలు అడిగితే అవీ చెప్పింది. ముప్పొద్దులా ఫోనులోనే బతికిన మనిషి, ఫోనులోనే ఇలా దొరికిపోయింది చూడండి. లైను కట్ చెయ్యొద్దని ఆవిడకి చెప్పాల్సిన పనే లేదు, పాపం ఆ సంగతి వాడికి తెలియదు.

ఇంతలో ఫోనుకి మెసేజి వచ్చింది.

"అందులో ఒక కోడ్ ఉంటుంది. చదవండి మేడమ్, త్వరగా."

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుంది. పాత అలవాటు చొప్పున రెండేసి అంకెలుగా విడగొట్టి, స్పష్టంగా మొదలుపెట్టింది. "నాలుగు, ఏడు. సున్నా, మూడు. ఇక్కడిదాకా తిరిగి చెప్పండి."

"అక్కర్లేదు. మిగతా రెండూ చెప్పండి."

"అలా కాదు బాబూ, తిరిగి చెబితే గానీ నేను ముందుకెళ్ళను."

"ఏంటమ్మా నస? ఇక్కడ అడిగేది మేము. చెప్పమన్నది చెప్పు."

అత్తయ్య ఆగిపోయింది. ఆసుపత్రిలో ఆవిడ వినని తొందర లేదు. రక్తం కోసం ఫోను చేసినవాళ్ళూ, అంబులెన్సు కోసం ఏడ్చినవాళ్ళూ కూడా నంబరు తిరిగి చెప్పినవాళ్ళే. నిజంగా తొందరున్నవాళ్ళకి అంకె ఎక్కడ తప్పిపోతుందోనన్న భయం ఉంటుంది. వీడికి ఆ భయమే లేదేమిటా అనుకుంటూ ఆ మెసేజిని ఈసారి మొదటి నుంచి చదివింది. ఏదో ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలు కోసమట ఆ కోడ్. ఎవరికీ చెప్పవద్దనీ, బ్యాంకువాళ్ళు కూడా దీన్ని అడగరనీ దాని కిందే రాసుంది.

దొంగవెధవ అని తెలిసిపోయింది. అయినా పెట్టెయ్యలేకపోయింది. నవ్వకండి, బొటనవేలు ఎర్ర గుర్తు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. అవతలివాడు కూడా తక్కువవాడేం కాదు, మెత్తబడ్డాడు. "కోపంలో అనేశానమ్మా, మీరు పెట్టేస్తే నా ఉద్యోగం పోతుంది. చిన్నపిల్లలున్నవాణ్ణి" అన్నాడు.

"ఎంతమంది పిల్లలు బాబూ?" అంది అత్తయ్య. అన్నాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

అప్పుడే తలుపు మీద చప్పుడైంది. "అత్తయ్యా, టీ చల్లారిపోతోంది. తలుపేసుకున్నారేంటి?"

"ఎవరది?" అన్నాడు వాడు, గొంతు తగ్గించి. "పలక్కండి. మీరు లోపల లేరనుకుని వాళ్ళే పోతారు."

నౌకరీ ఉన్నన్నాళ్ళూ ఆవిడ చేసిన పనల్లా అడిగినవాళ్ళకు ఉన్నానని పలకడమే. ఇప్పుడు కన్నకూతురిలాంటి కోడలు పిలుస్తుంటే లేనట్టు ఊరుకోమంటున్నాడు.

"నా కోడలు పిలుస్తోంది బాబూ. లైను తీసేస్తున్నాను" అని ఎర్ర గుర్తు నొక్కేసింది.

తలుపు తీసింది. ఎదురుగా కోడలు టీ గ్లాసుతో నిలబడి ఉంది. అంత సిగ్గు అత్తయ్య జీవితంలో ఎన్నడూ పడలేదు. ఏమీ జరగనట్టు టీ తాగేద్దామని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ ఆగలేదు. "నీ డబ్బు పోగొట్టేదాన్నే తల్లీ. కార్డు నంబరు చెప్పేశాను. కోడ్‌లో రెండు అంకెలు మాత్రం మిగిలాయి" అంది.

కోడలి మొహం పాలిపోయింది. గ్లాసు కింద పెట్టి, "తర్వాత ఏడుద్దురుగాని, కార్డు ఇలా ఇవ్వండి" అంది. కార్డు తిప్పి వెనక చూసింది. అక్కడ బ్యాంకు నంబరు అచ్చేసి ఉంది. వాడు మళ్ళీ మళ్ళీ ఫోను చేస్తూనే ఉన్నాడు. మోగుతున్న ఫోను ఎత్తకుండా కూర్చోవడానికి అత్తయ్య రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. ఆ మోత ఆగగానే కోడలు బ్యాంకుకి చేసింది.

బ్యాంకమ్మాయి అక్కడికక్కడే కార్డు ఆపేసింది. డబ్బు ఎక్కడికీ పోలేదనీ, కొత్త కార్డు పంపిస్తామనీ, సైబరు పోలీసులకు కూడా చెప్పమనీ అంది. ఫిర్యాదు నంబరు ఇచ్చి, అడక్కుండానే రెండోసారి చదివింది.

"చూశావా, తిరిగి చెప్పింది. అసలైన బ్యాంకు పిల్లే" అంది అత్తయ్య, మొహం వెలిగిపోతూ.

"తిరిగి చెప్పడం రేపు దొంగలూ నేర్చుకుంటారు అత్తయ్యా. ఇది అసలైందెందుకంటే, కార్డు మీది నంబరు చూసి మనమే చేశాం కాబట్టి."

అత్తయ్య ఆ మాట ఒప్పుకుంది. పోలీసులకు చెప్పాల్సిందీ చెప్పారు. మర్నాడు బ్యాంకుకెళ్ళి డబ్బు తీసి అడ్వాన్సు ఇచ్చేశారు, తాళం చేతికొచ్చింది. అయినా కోడలు అంతటితో వదల్లేదు. సాయంత్రాలు వంటింట్లోంచి ముందుగదిలోకి ఫోను చేసి, గొంతు మార్చి, "మీ పేరు మీద పార్సిలు పట్టుబడింది" అనేది. అత్తయ్య పని ఫోను పెట్టెయ్యడం. మొదటిసారి "అయ్యో, అందులో ఏముందండీ?" అని అడిగింది. రెండోసారి "క్షమించండి" అని పెట్టింది. ఆ తర్వాత చెయ్యి తిరిగింది. ఇది చూసి పక్కింటివాళ్ళు కూడా మెట్ల మీద చేరారు. కరెంటు కట్ చేస్తామంటూ వచ్చిన మెసేజిలూ, ఎన్నడూ కొనని లాటరీ తగిలిందన్న ఈమెయిళ్ళూ తెచ్చి చూపించేవాళ్ళు. "లింకు నొక్కకండి. నిజమా కాదా అని మీ బిల్లు మీదున్న నంబరుకి మీరే చేసి కనుక్కోండి" అని అత్తయ్య చెప్పేది, డిగ్రీ పుచ్చుకున్నంత ఠీవిగా. నిన్నటిదాకా తనకే తెలియదని అందరికీ తెలుసు. ఆ కథ కూడా ఆవిడే నవ్వుతూ చెప్పేది, పిల్లలెంతమందని అడిగిన ముక్కతో సహా.

కొత్త కార్డు సంగతి చెప్పడానికి బ్యాంకు నుంచి నిజంగానే ఒకాయన ఫోను చేశాడు. "మేడమ్, మీ కార్డు" అన్నాడో లేదో టక్కున పెట్టేసింది. తర్వాత పాత కార్డు వెనక నంబరుకి తానే చేసి కనుక్కుంది. నిజమేనని తేలాక, "ఆయన్ని ఏమీ అనుకోవద్దని చెప్పండమ్మా" అని కబురు కూడా పంపింది.

షాపు తెరిచిన రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. కోడలు.

"ముగ్గురొచ్చారు అత్తయ్యా. ఒకావిడైతే తెర చూసి లోపలికొచ్చిందట. మీకు చెబుదామని చేశాను."

"తిన్నావా?"

"తిన్నా. ఇక పని చూసుకోవాలి, మీరు పెట్టెయ్యండి."

"నువ్వు పెట్టు."

"ఇన్నాళ్ళు నేర్పించింది ఇందుకేనా? పెట్టండి."

అత్తయ్య పెట్టలేదు. కోడలూ పెట్టలేదు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది, కాసేపటికి మిషను మొదలైంది. కొత్త మిషను, తడబడకుండా సాగుతోంది. అత్తయ్య కుర్చీలో వెనక్కి వాలి వింటూ కూర్చుంది. కుట్టు అయిపోయి మిషను ఆగింది.

"అత్తయ్యా, ఉన్నారా?"

"ఉన్నానే తల్లీ" అంది అత్తయ్య.