మందు చక్రం చేసిన సైన్సు సారు

మా సైన్సు సారు ఇక లేరని పొద్దున ప్రార్థనకు ముందే హెడ్మాస్టరు గారు చెప్పారు. హైదరాబాదు దవాఖానలో చాలా రోజులుగా ఊపిరాడక బాధపడి పోయారు. స్కూలుకు సెలవిచ్చారు. పిల్లలు సంచులు ఊపుకుంటూ సంతోషంగా ఇళ్లకు పరుగెత్తారు. పిల్లలని తెలుసు, అయినా నాకు వాళ్ల మీద కోపం వచ్చింది. శవాన్ని తెస్తున్న వ్యాను తూప్రాన్ దాటిందని మధ్యాహ్నం కబురొచ్చే దాకా ఆ ఖాళీ స్టాఫు రూములోనే కూర్చున్నాను.

మెదక్‌లో మా ఇద్దరి ఇళ్లకూ ఒకటే గోడ. నేను తెలుగు చెప్పేవాణ్ణి, ఆయన సైన్సు. చేతికి ఏ వస్తువొచ్చినా ఎవరికో ఒకరికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోవడం ఆయన అలవాటు. కొత్త స్టవ్ కొన్నప్పుడు నన్నే వెలిగించమన్నారు. వేళ్లు కాల్చుకున్నాను. "మంచిగైంది తెలుగు సారూ, ఎక్కడ మోసం జేస్తదో తెలిసొచ్చింది" అన్నారు. ఆయనకు తెలిసొచ్చింది, నాకు బొబ్బలొచ్చాయి. ప్రయోగశాలలో పిల్లలు థర్మామీటరు తప్పు చదివితే ఒక్క దెబ్బ వేసేవారు కాదు. గీతల పక్కన రంగు పూసి మళ్లీ చదవమనేవారు.

"మొఖం చూడొద్దు సారూ, మొఖం మర్యాదకు సమజైందంటది. చేతులు జూడుండ్రి" అనేవారు.

ఆ రోజుల్లో పురుగుల మందు ఊళ్లకు కొత్త. సీసా మీద ఇంగ్లిషులో చీమ తలకాయంత అక్షరాలు. డబ్బా నీళ్లకు ఎన్ని మూతల మందు కలపాలో రైతుకు చెప్పే దిక్కు లేదు. సారు అట్టతో ఒక చక్రం చేశారు. పై అట్ట తిప్పి బాణాన్ని వరి బొమ్మ మీదికో, చెరుకు బొమ్మ మీదికో తెస్తే, కింద చిన్న కిటికీలో ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. ఎన్ని చుక్కలో అన్ని మూతలు. చదువు అక్కర్లేదు. సెలవుల్లో ఊరూరూ తిరిగి పంచారు. అంత ఉషారుగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

రేగోడ్ దగ్గర ఒక ఇంట్లో కోడలు ఆ చక్రాన్ని దేవుడి దగ్గర పెట్టింది. నాగలి కొన్నా, కొడవలి కొన్నా మన ఇళ్లలో బొట్టు పెట్టకుండా వాడం కదా. బాణం వరి మీదుంది, కిటికీలో చుక్కల పక్కన తెల్లగా చోటు కనిపించింది, అక్కడే మూడు కుంకుమ బొట్లు పెట్టింది. మర్నాడు ఆమె భర్త వరికి మందు కలిపాడు. రెండు చుక్కలు ఉండాల్సిన చోట ఐదు లెక్కపెట్టుకున్నాడు. ఒంటి మీద అంగీ లేకుండా ఎదురుగాలిలో కొట్టాడు. బండిలో మెదక్ తెచ్చేసరికి ప్రాణం లేదు.

సారు చర్చికి వెళ్లే మనిషి. వాళ్లింట్లో కొత్త వస్తువుకు ప్రార్థన చేస్తారు గానీ బొట్టు పెట్టరు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. "ఇందులో మీ తప్పేముంది?" అని నేను గట్టిగానే అన్నాను. "ఎవరింటికి ఇస్తున్ననో ఆ ఇంట్ల ఏం జేస్తరో తెల్వకుంట ఇచ్చిన" అన్నారు. ఆ తర్వాత నెల రోజులు తిరిగి, పంచిన చక్రాలన్నీ వెనక్కి తెచ్చి పొయ్యిలో పెట్టారు.

మళ్లీ చేశారు. ఈసారి చుక్కలు లేవు. వాటి బదులు అట్టకు బొక్కలు పొడిచారు. కుంకుమతో బొక్క పుట్టదు కదా. వేలితో తడిమి లెక్కపెట్టుకోవచ్చు. బొట్టు కోసం పైన పసుపు రంగుతో గుండ్రంగా చోటు వదిలారు.

అది పట్టుకుని ప్రతి వానాకాలం రేగోడ్ దగ్గరి ఆ ఇంటికే వెళ్లేవారు. రెండుసార్లు నేనూ తోడు వెళ్లాను. అత్తగారు ఆ కోడలు పిల్లను మొగుణ్ణి మింగిందని అనేది, ఆమె కూడా అదే నమ్మింది.

"చెల్లే, నువ్వు బొట్టు పెడ్తవని నాకు తెలిసుండాలె. నీ చెయ్యి తప్పు జెయ్యలే. చక్రమే తప్పు" అనేవారు సారు.

"పెట్టింది నేనే గద సారూ. మీరు పోండ్రి" అనేది. చక్రం వైపు చూసేది కూడా కాదు. సారేమో ఒకరు చేసిన తప్పును ఇంకొకరు మోస్తుంటే చూసి ఊరుకోలేని మనిషి. ఆమె మీది ఆ బరువు దింపకుండానే పోయారు. నాకు ఏడుపొచ్చేది అక్కడే.

సమాధి మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే రేగోడ్ నుంచి ఆ కోడలు సారు ఇంటికి వచ్చింది. సారు భార్య, మేమంతా అక్కయ్య అంటాం, లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. కాసేపటికి ఆమె, "సారు తెచ్చేటి గా చక్రం ఒకపారి చూస్త" అంది.

అక్కయ్య తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆమె బాణం వరి మీదికి తిప్పింది. కళ్లు మూసుకుని వేలితో తడిమింది. మేము ఎవరం ఏమీ చెప్పలేదు, చేతులే చూస్తున్నాం. మందు డబ్బాలు మోసి, నాట్లు వేసి లావెక్కిన వేళ్లు. ఆమె మొఖం చిట్లించింది.

"బొక్క చిన్నగుంది. మా అసొంటోళ్ల వేలు పట్టది. చేసినాయన సరిగ చూసుకోలే" అంది.

ఆ మాట వినడానికే ఆయన అన్నేళ్లు రేగోడ్ బస్సెక్కారు.

అక్కయ్య ఆమె పక్కన నేల మీద కూర్చుంది. "ఔ బిడ్డా, తప్పు ఆయనదే" అంది. ఆమె వేలి కొన ఇంకా ఆ బొక్క మీదే ఉంది, లోపలికి దిగకుండా.